రెండు చదరపు మీటర్ల ఆతిథ్యం

ఫ్రాన్స్‌లో తేజే అని ఒక ఊరుంది. రెండు వందల మంది కూడా ఉండరక్కడ. రాతి ఇళ్లు, తెల్లటి ఆవులు మేసే పచ్చిక బయళ్లు, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్లనాటి ఓ చిన్న చర్చి... అంతే! చూద్దామంటే కోట లేదు, కొందామంటే బజారు లేదు. అయినా వేసవి వస్తే చాలు, ఆ గుట్ట మీదికి వారం వారం వేలమంది కుర్రాళ్లూ అమ్మాయిలూ వీపున సంచులతో వచ్చేస్తారు. గుడారాల్లో పడుకుంటారు. ఒక్క చెంచాతో అన్నం తింటారు. మరుగుదొడ్లు కడుగుతారు. రోజుకు మూడుసార్లు నేలమీద కూర్చుని ప్రార్థన చేస్తారు. వారం తిరిగేసరికి వెళ్లలేక వెళ్లలేక వెళ్తారు. ఏముందక్కడ?

పారిస్‌లో టీజీవీ రైలెక్కితే రెండు గంటల్లోపే మాకాన్ చేరుకోవచ్చు. అక్కడి నుంచి బస్సు. ద్రాక్షతోటలకు పేరుమోసిన బర్గండీ ప్రాంతం అది. దారిలో క్లూనీ వస్తుంది. క్రీస్తుశకం 910లో అక్కడ వెలిసిన మఠం ఒకప్పుడు ఐరోపా మొత్తాన్నీ ప్రభావితం చేసింది. ఇప్పుడు అందులో మిగిలింది కొంత భాగమే. క్లూనీ దాటి పది కిలోమీటర్లు వెళ్తే తేజే. ఆ మహామఠం శిథిలమైపోయింది కానీ, దాని పొరుగునే ఉన్న ఈ కుగ్రామం మాత్రం ప్రపంచ క్రైస్తవ యువతకు తీర్థమైంది. ఇక్కడికి వచ్చేవాళ్లు అద్భుతాల కోసం రారు. స్వస్థతల కోసమూ రారు. ముక్కూమొహం తెలియని మనిషిని తమవాడిగా చేర్చుకోవడం ఎలాగో నేర్చుకుని వెళ్తారు. ఆ పాఠం వెనక ఎనభై ఏళ్లు దాటిన కథ ఉంది.

ఓ పూట భోజనంతో మొదలు

1940 ఆగస్టు. రెండో ప్రపంచయుద్ధం. ఫ్రాన్స్ ఓడిపోయింది. సగానికి పైగా దేశం జర్మన్ల చేతిలో ఉంది. అలాంటి సమయంలో పాతికేళ్ల కుర్రాడొకడు జెనీవా నుంచి సైకిలు మీద బయల్దేరాడు. పేరు రోజర్ షుట్జ్. స్విట్జర్లాండ్‌లో ఓ ప్రొటెస్టెంట్ పాస్టరు కొడుకు. తల్లిది ఫ్రాన్సే. యుద్ధానికి చెదిరిపోయిన వాళ్లకు నీడనివ్వడానికీ, ప్రార్థనా జీవితం గడపడానికీ ఒక ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ ఆలోచన అతనికి కొత్తగా పుట్టింది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఉత్తర ఫ్రాన్స్‌లో ఉన్న అమ్మమ్మ, బాంబులు పడుతున్నా ఇల్లు వదలకుండా పారిపోయి వచ్చినవాళ్లను ఆదుకుంది. ఆ కథలు వింటూ పెరిగాడతను.

తేజేలో ఒక ఇల్లు అమ్మకానికి ఉందని తెలిసి చూడ్డానికి వెళ్లాడు. ఆకలేస్తోంది. తినడానికి ఏమైనా దొరుకుతుందా అని ఊళ్లో ఓ ముసలావిడను అడిగాడు. ఆవిడ ఇంట్లోకి పిలిచి తనకున్నదే పెట్టింది. ఎందుకొచ్చాడో విన్నాక, ఇక్కడే ఉండిపొమ్మని అడిగింది. మాది పేద ఊరు, ఒంటరి బతుకులు, మాతో ఉండు అని ఆవిడ గోడు. రోజర్ ఇంకా కొన్ని చోట్ల ఇళ్లు చూశాడు. ఎటు వెళ్లినా ఆ మాటే వెంటాడింది. తేజే ఇల్లే కొన్నాడు.

ఆతిథ్యానికి మారుపేరైన ఈ ఊరి చరిత్రలో మొదటి అతిథి, తరవాత లక్షలమందికి ఆతిథ్యమిచ్చిన ఆ మనిషే! ఆదరించడం ఎలాగో పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదతను. ఒక పేదరాలి బల్లముందు కూర్చుని నేర్చుకున్నాడు.

అడవిలో ప్రార్థన

జర్మన్ ఆక్రమణకు లోబడిన ఫ్రాన్స్‌కూ మిగతా ఫ్రాన్స్‌కూ నడుమ గీసిన సరిహద్దు రేఖ తేజేకి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉండేది. ఆ రేఖ దాటి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చేవాళ్లకు రోజర్ ఇల్లే దిక్కయింది. వాళ్లలో యూదులు కూడా ఉన్నారు. అక్క జెనెవీవ్ వచ్చి తమ్ముడికి తోడుగా నిలిచింది. ఇంట్లో కుళాయి లేదు. ఊరి బావి నుంచి నీళ్లు మోసుకోవాలి. పక్కనున్న మరలో చవగ్గా దొరికే మొక్కజొన్న పిండితో కాచిన సూపే చాలా పూటలు భోజనం.

ఆ రోజుల సంగతుల్లో ఒకటి ఇప్పటికీ తేజేలో చెప్పుకుంటారు. రోజర్ ప్రార్థన ఇంట్లో చేసేవాడు కాదు. పాడుకోవాలనిపిస్తే దూరంగా అడవిలోకి వెళ్లి పాడుకునేవాడు. ఎందుకంటే ఇంట్లో తలదాచుకున్నవాళ్లలో యూదులున్నారు, దేవుణ్ని నమ్మనివాళ్లూ ఉన్నారు. ఇంటాయన ప్రార్థన చేస్తుంటే, నీడనిచ్చాడు కాబట్టి మనమూ కూర్చోవాలేమో అని వాళ్లు మొహమాటపడతారు. ఆ ఇబ్బంది కలగకూడదని అతని ఉద్దేశం. అన్నం పెట్టడం ఒక ఎత్తు. పెట్టిన అన్నానికి బదులుగా ఏదీ ఆశించకపోవడం ఇంకో ఎత్తు!

1942లో సంగతి బయటపడింది. తక్షణం వెళ్లిపొమ్మని హెచ్చరిక అందింది. రోజర్ యుద్ధం ముగింపుకొచ్చేదాకా జెనీవాలోనే ఉండిపోయాడు. అక్కడే మరికొందరు యువకులు అతనితో కలిశారు. 1944లో వాళ్లను వెంటబెట్టుకుని తేజే తిరిగొచ్చాడు.

నిన్నటి శత్రువుకి ఆదివారం పిలుపు

యుద్ధం ముగిసింది. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. తేజే దగ్గర్లోని శిబిరాల్లో జర్మన్ సైనికులు బందీలయ్యారు. నిన్నటిదాకా జర్మన్లకు భయపడి దాక్కున్న మనుషులను ఆదుకున్న ఆ ఇంటివాళ్లే ఇప్పుడు ఆ జర్మన్ బందీలకు ఆదివారాలు తలుపు తెరిచారు. తమకున్న కొద్దిపాటి తిండిలోనే వాళ్లకూ పెట్టారు. మొగుళ్లనూ కొడుకులనూ పోగొట్టుకున్న పల్లెల నడుమ ఆ పని చేయడం మాటలు కాదు. మరోపక్క యుద్ధంలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లల్ని చేరదీశారు. జెనెవీవ్ వాళ్లకు తల్లయింది.

1949 ఈస్టర్ నాడు ఏడుగురు బ్రదర్లు జీవితాంతం కలిసి ఉంటామని మాటిచ్చుకున్నారు. పెళ్లి లేదు. సొంత ఆస్తి లేదు. మొదటివాళ్లంతా ప్రొటెస్టెంట్లే. తరవాత కేథలిక్కులూ వచ్చి చేరారు. క్రైస్తవ శాఖల మధ్య శతాబ్దాల పగలున్న ఐరోపాలో అదో వింత. ఇప్పుడు దాదాపు ముప్పై దేశాల బ్రదర్లున్నారు. తమకోసం విరాళాలు తీసుకోరు. కుండలూ పింగాణీ పాత్రలూ చేసి, పుస్తకాలు వేసి, ఆ రాబడితోనే బతుకుతారు. వారసత్వంగా వచ్చే ఆస్తి ఏదైనా ఉంటే దాన్నీ పేదలకే ఇచ్చేస్తారు.

ఆ జర్మన్ బందీలకు పెట్టిన అన్నం ఊరికే పోలేదు. బ్రదర్ల సంఖ్య పెరిగి, వచ్చేవాళ్లు పెరిగి, ఊళ్లోని చిన్న చర్చి చాలకపోయేసరికి కొత్త ఆలయం కావాల్సి వచ్చింది. కట్టింది ఎవరో తెలుసా? జర్మన్ యువతే! యుద్ధంలో తమ దేశం చేసిన పాపానికి ప్రాయశ్చిత్తంగా, నష్టపోయిన దేశాల్లో శ్రమదానం చేసే ఒక జర్మన్ సంస్థ తరఫున వాళ్లు వచ్చి పనిచేశారు. 1962 ఆగస్టు 6న ప్రారంభమైన ఆ కట్టడం పేరే ‘సయోధ్య ఆలయం’.

గోడ కూల్చేశారు

అంత పెద్ద ఆలయం ఎప్పటికి నిండుతుందని ఆ రోజుల్లో సందేహపడ్డవాళ్లున్నారు. పదేళ్లు కూడా పట్టలేదు! యాభయ్యో దశకం చివర నుంచే కుర్రకారు రావడం మొదలైంది. ఒకరు వచ్చి వెళ్లి నలుగురికి చెప్పడం, ఆ నలుగురు మరో పదిమందిని తేవడం. 1966లో సెయింట్ ఆండ్రూ సిస్టర్లు పక్క ఊరికి వచ్చి, వచ్చేవాళ్లను చూసుకునే పనిలో చేయి కలిపారు. అయినా చోటు చాలలేదు.

1971 ఈస్టర్‌కి జనం పోటెత్తారు. ఆలయం పట్టదని తేలిపోయింది. సాధారణంగా ఎవరైనా ఏం చేస్తారు? చోటు లేదని బోర్డు పెడతారు. ముందొచ్చినవాళ్లకే ప్రవేశమంటారు. తేజే బ్రదర్లు మాత్రం ఆలయం ముందుగోడనే కూల్చేశారు. కట్టి తొమ్మిదేళ్లయినా కాలేదు. ఆ తెరిపికి పెద్ద సర్కస్ గుడారం ఒకటి అతికించారు. లోపలున్నవాళ్లూ బయటున్నవాళ్లూ అన్న తేడా పోయింది. 1974లో యువజన మహాసభకు నలభై వేలమందికి పైగా వచ్చినప్పుడు ఆ గుట్టంతా గుడారాలే.

ఇప్పుడు ఆ ఆలయం వెనకభాగంలో గుడారాల బదులు చెక్కతో కట్టిన మండపాలున్నాయి. నడుమ గోడలు కావాలంటే పైకి లేస్తాయి, వద్దంటే దిగుతాయి. యాభైమంది వచ్చినా, ఐదువేల మంది వచ్చినా సరిపోయేలా. వచ్చేవాళ్లు ఇంట్లో సర్దుకోవడం కాదు, వచ్చేవాళ్లకు తగ్గట్టు ఇల్లే సర్దుకోవాలి... ఆ మాటను ఇటుకా చెక్కా చెబుతున్నట్టుంటుంది.

మొదటిరోజు అతిథి... రెండోరోజు ఇంటివాడు

తేజే యాత్ర మామూలుగా ఆదివారం నుంచి ఆదివారం దాకా. బస్సు దిగగానే ఎదురొచ్చేవాళ్లు బ్రదర్లు కాదు. కొన్ని వారాల ముందో నెలల ముందో అక్కడికి వచ్చి ఉండిపోయిన యువతీ యువకులు. తమ భాషలో పలకరించే మనిషి కనబడగానే వచ్చినవాళ్ల ముఖాలు విచ్చుకుంటాయి. ఎక్కడ పడుకోవాలి, ఎప్పుడు తినాలి, గంట ఎందుకు మోగుతుంది... అన్నీ చెప్పాక చివర్లో ఓ ప్రశ్న అడుగుతారు. ‘మీరు ఏ పని చేస్తారు?’

వడ్డన, అంట్లు తోమడం, చెత్త ఏరడం, మరుగుదొడ్లు కడగడం, ఆలయంలో నిశ్శబ్దంగా ఉండమని చెప్పే అట్టలు పట్టుకుని నిల్చోవడం, మర్నాడు వచ్చేవాళ్లకు దారి చూపడం... వీటిలో ఏదో ఒకటి. వేలమందికి మూడుపూటలా తిండి పెట్టాలంటే కూలికొచ్చేవాళ్లు ఎంతమంది కావాలి? తేజేలో ఆ పనంతా వచ్చినవాళ్లదే. డాక్టరు కొడుకూ, కూలీ కూతురూ పక్కపక్కన నిలబడి గిన్నెలు తోముతారు. తోముతూ పాటలు పాడతారు. అక్కడ స్నేహాలు కలిసేది చర్చల్లో కంటే అంట్ల దగ్గరే ఎక్కువ!

భోజనమూ అంతే నిరాడంబరం. పొద్దున బ్రెడ్డు, వెన్న, చాక్లెట్ ముక్క. టీ కప్పులో కాదు, గిన్నెలో. మధ్యాహ్నం, రాత్రి ఓ పళ్లెంలో ఏదో ఒక వేడి వంటకం. ఫోర్కులూ చాకులూ ఉండవు. ఒక్క చెంచాతోనే అన్నీ తినాలి. ఐరోపా పిల్లలకు అది మొదట్లో నవ్వులాట. రెండ్రోజుల్లో అలవాటైపోతుంది. పడక చెక్క గదుల్లో బంకుల మీద. లేదంటే ఎవరి గుడారం వాళ్లు తెచ్చుకోవచ్చు. వానొస్తే బురద. పక్కవాడి గురక. స్నానానికి వరస. మనుషులతో కలిసి ఉండటమంటే ఇవి కూడానని ఎవరూ చెప్పకుండానే తెలిసొస్తుంది.

ఉదయం ప్రార్థన అయ్యాక బ్రదర్లు బైబిల్లోంచి ఒక భాగం వివరిస్తారు. తరవాత చిన్నచిన్న జట్లుగా కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక జట్టులో పోలండ్ అమ్మాయి, జర్మనీ అబ్బాయి, కొరియా కుర్రాడు, కాంగో యువతి ఉండొచ్చు. అందరికీ వచ్చీరాని ఇంగ్లిషు. ఒకళ్లు మాట్లాడితే ఇంకొకళ్లు తర్జుమా చేయాలి. వాదనలో గెలవాలన్న తొందర ఉన్నవాళ్లకు అక్కడ కష్టం. తన మాట తర్జుమా అయ్యేదాకా ఆగాలి, పక్కవాళ్ల మాట అర్థమయ్యేదాకా ఆగాలి. ఆ ఆగడంలోనే వినడం అలవడుతుంది. ఎదుటి మనిషిని చేర్చుకోవడమంటే ముందు అతని మాట పూర్తిగా వినడమే కదా!

బైబిల్లో ఎమ్మాయు దారి కథ క్రైస్తవ కుటుంబాలకు తెలిసిందే. ఇద్దరు శిష్యులు దిగులుగా నడుస్తుంటే అపరిచితుడొకడు వాళ్లతో కలుస్తాడు. పొద్దుపోయింది, మాతో ఉండమని వాళ్లు బలవంతం చేస్తారు. బల్లముందు కూర్చున్నాక రొట్టె విరిచి ఇచ్చేది మాత్రం ఆ అపరిచితుడే. ఆయన క్రీస్తు అని అప్పుడు గుర్తుపడతారు. అతిథే ఇంటాయన అయ్యే ఆ కథను తేజేలో వారం పొడవునా గిన్నెలూ చీపుర్లతో మళ్లీ నడిపిస్తున్నట్టు ఉంటుంది.

పాట ఎవరి భాషలో?

గంటలు మోగగానే పనులన్నీ ఆగిపోతాయి. ఆలయంలో కుర్చీలు లేవు. బ్రదర్లు తెల్లటి అంగీల్లో నడుమ కూర్చుంటారు. చుట్టూ నేలమీద అందరూ. ముందువైపు మంటల్లా పైకి లేచే కాషాయరంగు గుడ్డలు, వందల కొద్దీ చిరుదీపాలు. పెద్ద ఉపన్యాసం ఉండదు. చిన్న వాక్యం ఒకటి, నాలుగు గొంతుల్లో, మళ్లీ మళ్లీ... మన భజనల్లాగే. ఒకటి రెండుసార్లు వింటే ఎవరైనా పాడేయొచ్చు. ఈ తరహా పాటలు చాలావరకు పారిస్‌కు చెందిన జాక్ బెర్తియే స్వరపరిచినవి. 1994లో ఆయన పోయారు. పాటలు మాత్రం ప్రపంచంలోని ఎన్నో చర్చిలకు చేరాయి.

మొదట్లో ఎక్కువ పాటలకు లాటిన్ ఎంచుకోవడం వెనకా ఆతిథ్యమే ఉంది. ఫ్రెంచిలో పాడితే ఫ్రెంచివాళ్లు ఇంటివాళ్లు, మిగతావాళ్లు చుట్టాలు. లాటిన్ ఎవరికీ ఇంటి భాష కాదు. అందుకని అందరికీ సమానం. ఆ తరవాత ఒక్కో భాషా చేరుతూ వచ్చింది. ఇప్పుడు ఒక్క ప్రార్థనలోనే ఐదారు భాషలు వినబడతాయి. తన భాషలో ఒక్క వాక్యం వినబడేసరికి దూరదేశం నుంచి వచ్చినవాళ్ల కళ్లు చెమర్చడం మామూలే. పాటల నడుమ కొన్ని నిమిషాల పాటు పూర్తి మౌనం. వేలమంది కుర్రకారు ఒకచోట చేరి చప్పుడు చేయకుండా కూర్చోవడం... చూస్తే తప్ప నమ్మలేం.

రాత్రి ప్రార్థన ముగిశాక బ్రదర్లు కొందరు ఆలయంలోనే ఉండిపోతారు. ఎవరైనా వెళ్లి మనసులో మాట చెప్పుకోవచ్చు. చదువు, ప్రేమ, ఇంట్లో గొడవలు, దేవుడున్నాడా అన్న అనుమానం... ఏదైనా. వాళ్లు వింటారు. సలహాలు తక్కువ, వినడం ఎక్కువ.

తెరిచిన తలుపులోంచి వచ్చిన కత్తి

2005 ఆగస్టు 16. రాత్రి ప్రార్థన జరుగుతోంది. ఆలయంలో రెండున్నర వేలమంది యువత ఉన్నారు. తొంభై ఏళ్ల బ్రదర్ రోజర్ ఎప్పటిలాగే బ్రదర్ల వెనక వరసలో కూర్చున్నారు. మతి స్థిమితం లేని ఒక మహిళ జనంలోంచి వచ్చి ఆయన్ను కత్తితో పొడిచింది. కాసేపటికే ఆయన ప్రాణం పోయింది.

కాపలా లేదు, తనిఖీ లేదు, ఎవరైనా ఎంత దగ్గరికైనా వెళ్లొచ్చు. అరవై ఐదేళ్లు ఆయన తెరిచి ఉంచిన తలుపులోంచే ఆ కత్తి వచ్చింది. ఇక తలుపులు మూసేస్తారేమోనని అందరూ అనుకున్నారు. అలా జరిగినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. మర్నాడు పొద్దున ఎప్పటి వేళకే గంటలు మోగాయి. ఎప్పటిలాగే ప్రార్థన జరిగింది. ఆగస్టు 23న అంత్యక్రియలకు వేలమంది తరలివచ్చారు. బ్రదర్ రోజర్ తరవాత బాధ్యత తీసుకున్న బ్రదర్ అలోయిస్ జర్మన్ కేథలిక్. ఒకప్పుడు రోజర్ ఆదివారాలు పిలిచి అన్నం పెట్టిన ఆ దేశంవాడే! ఆ రోజు ప్రార్థనలో ఆయన, చంపిన మహిళను దేవుడు క్షమించాలని వేడుకున్నారు.

చనిపోయిన రోజు మధ్యాహ్నం బ్రదర్ రోజర్ ఒక ఉత్తరం చెప్పి రాయిస్తున్నారు. అలసిపోయి మధ్యలో ఆపేశారు. చివరి వాక్యం ‘విశాలం చేయడం’ అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఏం విశాలం చేయాలో చెప్పలేదు. గోడ కూల్చిన ఆలయం చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు కూడా. ఊరి చిన్న చర్చి పక్కన, మిగతా బ్రదర్ల నడుమ, పేరు రాసిన ఒక మామూలు చెక్క సిలువ కింద ఆయన సమాధి ఉంది.

తెరిచిన తలుపుకి జాగ్రత్త కూడా అవసరమని తేజే మరో విధంగానూ తెలుసుకోవాల్సి వచ్చింది. గతంలో కొందరు బ్రదర్ల వల్ల లైంగిక వేధింపులు జరిగాయన్న ఫిర్యాదులు అందితే, 2019 జూన్‌లో ఆ సంగతిని సముదాయమే బయటపెట్టింది. అధికారులకు తెలియజేసింది. బాధితులు చెప్పుకోవడానికి ఏర్పాట్లు చేసింది. నమ్మి వచ్చిన పిల్లలకు రక్షణ లేకపోతే అది ఆతిథ్యమే కాదు. కప్పిపుచ్చి పరువు కాపాడుకోవడం కంటే, చెప్పి సిగ్గుపడటమే నమ్మకానికి మేలు.

మీ ఇంట్లో కాస్త చోటుందా?

తేజేలో సభ్యత్వం ఉండదు. సంఘాలు పెట్టరు. గుర్తింపు కార్డులివ్వరు. వచ్చినవాళ్లంతా తిరిగి తమ ఊళ్లకు, తమ చర్చిలకు వెళ్లి, అక్కడే పనిచేయాలంటారు. గుట్ట మీద నేర్చుకున్నది ఊళ్లలో పనికిరావాలి కదా. ఆ ఆలోచనలోంచి వచ్చిందే ‘భూమ్మీద నమ్మకపు యాత్ర’. యాత్ర అంటే ఇక్కడ గుడి దాకా నడవడం కాదు. ఒక మనిషి ఇంటి దాకా నడవడం.

1978లో పారిస్‌తో మొదలై, దాదాపు ప్రతి ఏడాదీ చివర్లో ఐరోపాలోని ఒక నగరంలో ఈ యాత్రికులు కలుస్తారు. మామూలుగా డిసెంబరు 28 నుంచి జనవరి 1 దాకా. ఎముకలు కొరికే చలి. వచ్చేది వేలమంది. హోటళ్లలో పెడితే ఖర్చు భరించలేరు, పైగా యాత్ర ఉద్దేశమే పోతుంది. అందుకే బ్రదర్లూ సిస్టర్లూ కుర్రాళ్లూ నెలల ముందే ఆ నగరానికి వెళ్లి మకాం పెడతారు. వీధి వీధీ తిరిగి కుటుంబాలను అడుగుతారు. మంచాలు అక్కర్లేదు, విందులు అక్కర్లేదు. ‘మీ ఇంట్లో మనిషికి రెండు చదరపు మీటర్ల నేల ఉంటే చాలు’ అంటారు. పరుచుకునే చాప, కప్పుకునే సంచీ పిల్లలే తెచ్చుకుంటారు. పొద్దున టిఫిను పెడితే చాలు. జనవరి ఒకటిన మధ్యాహ్నం మాత్రం ఆ ఇంటివాళ్లతో కలిసి భోజనం.

రెండు చదరపు మీటర్లంటే సోఫా పక్కకి జరిపితే దొరికే చోటు. ఏ ఇంట్లోనైనా ఉంటుంది. లేనిది ధైర్యం. ఎవరో ఏమిటో తెలియదు. భాష రాదు. తాళంచెవి ఇవ్వాలా వద్దా? రాత్రి ఎప్పుడొస్తారు? ఏం తింటారు? ఇన్ని సందేహాల మధ్య తలుపు తీసినవాళ్లు, ఐదో రోజున పిల్లల్ని సాగనంపుతూ బస్టాండులో కన్నీళ్లు పెట్టుకుంటారు. మొదట్లో అడిగినప్పుడు కుదరదన్నవాళ్లు పక్కింటి సందడి చూసి ఆఖరి నిమిషంలో మనసు మార్చుకోవడమూ ఉంది.

1989 డిసెంబరులో ఈ సమావేశం పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ నగరంలో జరిగింది. బెర్లిన్ గోడ కూలి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. తూర్పు ఐరోపాలో అంత స్వేచ్ఛగా కలుసుకోవడం అదే మొదలు. గోడకు అటువైపువాళ్లు ఎలా ఉంటారో తెలియకుండా పెరిగిన పిల్లలు, వాళ్ల ఇళ్లలోనే నిద్రపోయారు. 2022లో జర్మనీలోని రోస్టోక్, 2024లో ఎస్టోనియా రాజధాని టాలిన్ ఆతిథ్యమిచ్చాయి. చర్చికి వెళ్లేవాళ్లు బాగా తక్కువగా ఉండే ప్రాంతాలవి. తలుపు తీయడానికి మతం ఒక్కటే కారణం కానక్కర్లేదు మరి.

మద్రాసు మీదుగా...

ఈ యాత్రకు మన దేశంతోనూ అనుబంధం ఉంది. 1976లో బ్రదర్ రోజర్ కలకత్తా వచ్చి, ఒక మురికివాడలో కొన్నాళ్లు ఉన్నారు. మదర్ థెరిసాతో ఆయన స్నేహం అప్పుడు గట్టిపడింది. ఇద్దరూ కలిసి పుస్తకాలు రాశారు. 1985లోనూ, 1988లోనూ ఏడాది చివర మద్రాసులో ఖండాంతర యువజన సమావేశాలు జరిగాయి. 2006 అక్టోబరులో కోల్‌కతా వంతు వచ్చింది. పక్కనే బంగ్లాదేశ్‌లో బ్రదర్లు కొందరు దశాబ్దాలుగా పేదలతో, వికలాంగులతో కలిసి జీవిస్తున్నారు.

చేర్చుకోవడం అన్న మాటకు గుట్ట మీద కొత్త అర్థాలూ వస్తున్నాయి. 2015లో ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని కాలే శిబిరం నుంచి సూడాన్, ఆఫ్ఘనిస్థాన్ యువకులు తేజే వచ్చారు. వాళ్లలో ముస్లింలే ఎక్కువ. 2022లో యుద్ధం తరిమేసిన యుక్రెయిన్ తల్లులూ పిల్లలూ వచ్చారు. ముస్లిం, క్రైస్తవ యువత కొన్ని రోజులు కలిసి గడిపే స్నేహ సమావేశాలూ నడుస్తున్నాయి. అవతలివాళ్లు నమాజు చేసుకుంటారు, ఇవతలివాళ్లు ప్రార్థనకు వెళ్తారు. మొహమాటాలు లేవు. అతిథులు ఇబ్బంది పడకూడదని అడవిలోకి వెళ్లి పాడుకున్న ఆ కుర్రాడి పద్ధతి ఇంకా బతికే ఉంది.

2023 డిసెంబరు నుంచి బ్రదర్ మాథ్యూ సముదాయానికి పెద్ద. ఆయనది ఇంగ్లండ్, ఆంగ్లికన్. స్విస్ ప్రొటెస్టెంట్ తరవాత జర్మన్ కేథలిక్, ఆ తరవాత ఇంగ్లిష్ ఆంగ్లికన్! ఐరోపాలో ఒకప్పుడు ఈ మూడు పేర్ల మధ్య ఎన్ని యుద్ధాలు జరిగాయో చరిత్ర చదివినవాళ్లకు తెలుసు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. యువత వారాలు ముఖ్యంగా పదిహేనేళ్లు దాటినవాళ్లకు. పెద్దలకూ పిల్లలున్న కుటుంబాలకూ వేరే ఏర్పాట్లుంటాయి. ముందే పేరు నమోదు చేసుకోవాలి. వయసునూ, వచ్చిన దేశాన్నీ బట్టి రోజుకింత అని కొద్దిపాటి ఖర్చు కట్టాలి. మనవాళ్లకు షెంజెన్ వీసా తప్పనిసరి. పరుపు సంచీ, టార్చి, వాన కోటు మరిచిపోకూడదు. మంచి హోటలు గది ఉంటుందనుకుంటే మాత్రం ప్రయాణం మానుకోవడమే మేలు.

అసలు యాత్ర మాత్రం తిరిగొచ్చాకే మొదలవుతుంది. గుట్ట మీద వారం రోజులు అందరూ కొత్తవాళ్లే కాబట్టి కలిసిపోవడం తేలిక. ఇంటికొస్తే ఎవరి బంధువులు వాళ్లకుంటారు, ఎవరి బెంచీ వాళ్లకుంటుంది. ఆదివారం ఆరాధనకు వచ్చి వెనక వరసలో ఒంటరిగా కూర్చుని వెళ్లిపోయే మనిషి ప్రతి చర్చిలోనూ ఉంటాడు. హాస్టల్లో ఎవరితోనూ కలవని కొత్త పిల్ల ఉంటుంది. పై వాటాలో దిగిన, మన భాష రాని కుటుంబం ఉంటుంది. అంట్లు తోమడం నేర్చుకుని వచ్చిన కుర్రాడికి వాళ్లు కనబడ్డారంటే... ఆ వీసా ఖర్చు గిట్టుబాటైనట్టే!